ఏడో గొర్రెపిల్ల దగ్గర

అది 2017, ఎండలు ఇంకా ముదరని రోజులు. నల్లగొండలో పిల్లల పుస్తకాలు వేసే ఒక చిన్న సంస్థలో పనిచేసేదాన్ని. పుస్తకాలు రాయడం నా పని కాదు, బొమ్మలు వేయడం అసలే కాదు. అచ్చుకు వెళ్లబోయే పుస్తకాన్ని ముందుగా పల్లె బడులకు మోసుకెళ్లి, పిల్లల చేత చదివించి, ఎక్కడ నడుస్తోందో ఎక్కడ కుంటుతోందో చూసి రావాలి. మా పనిలో దీన్ని ఫీల్డ్ ట్రయల్ అంటారు. అందుకోసం రంగు ప్రింట్లు తీసి, మధ్యలో స్టేపుల్ కొట్టి ఒక నమూనా పుస్తకం తయారుచేసుకుంటాం. దాని పేరు డమ్మీ. డమ్మీలో తప్పు దొరికితే ఆ కాగితం చించేస్తే సరిపోతుంది. అచ్చయ్యాక దొరికితే కట్టలు కట్టలు గోడౌన్‌లో కూర్చుని మన ముఖం చూస్తుంటాయి.

అనుమానం పెనుభూతం అంటారు. నాకైతే ఆ భూతమే జీతం ఇప్పించింది. పిల్లలకు పుస్తకం బాగా నచ్చిందని టీచరు చెబితే నేను నమ్మను. చప్పట్లు కొడితే ముందుగా ఎవరు కొట్టారో చూస్తాను. కోడిగుడ్డు మీద ఈకలు పీకే మనిషినని ఆఫీసులో నాకు పేరు. లెక్కలను సరదాగా నేర్పే పుస్తకాలంటే నా అనుమానం రెట్టింపవుతుంది. గొర్రెపిల్ల తల బకెట్లో ఇరుక్కున్న బొమ్మ వేస్తే ఏ పిల్లయినా నవ్వుతుంది. ఆ నవ్వు బకెట్టుకా, లెక్కకా అన్నది నవ్వు చెప్పదు. అందుకే నేను పిల్లలకు ఎదురుగా కూర్చోను, పక్కన కొంచెం వెనగ్గా కూర్చుంటాను. లెక్క తెలియని పిల్ల మన ముఖంలో జవాబు వెతుక్కుంటుంది. ముఖం అందకపోతే కళ్లు పేజీ మీదే తిరుగుతాయి, అప్పుడు దాని ఆలోచన మనకు కనిపిస్తుంది.

ఆ ఏడాది చేతిలో ఉన్న డమ్మీ గొర్రెపిల్లల పుస్తకం. సాయంత్రం దొడ్డిలోకి ఒక్కో గొర్రెపిల్లా వస్తుంది. ఒకటి బకెట్లో తల పెడుతుంది, ఒకటి తాత గొంగడి నములుతుంది, ఒకటి గంప వెనక దాక్కుంటుంది. ఎదురెదురుగా తెరుచుకునే రెండు పేజీల జతను స్ప్రెడ్ అంటాం. ప్రతి స్ప్రెడ్‌కూ ఒక పిల్ల పెరుగుతుంది, కింద పెద్ద అంకె, అంకె పక్కన ఒకటి, రెండు అని అక్షరాల్లో దాని మాట. ఇంట్లో చూసేదే పుస్తకంలో కనబడితే పిల్లలు అల్లుకుపోతారని మా ఆఫీసు నమ్మకం. దాన్ని పరీక్షించడానికే దేవరకొండ అవతల, గొర్ల మందలున్న ఇళ్లు ఎక్కువగా ఉండే ఒక ఊరి బడికి నన్ను పంపారు.

ఆ బడికి ఒకే సారు, జంగయ్య. నలభై దాటిన మనిషి, మాట కరుకు. ఒక్కొక్కరినీ పిలిచి చదివించాను. పిల్లలు బాగానే లెక్కపెట్టారు, బాగానే నవ్వారు. నాకు పెద్దగా అనుమానించడానికి ఏమీ దొరకలేదు. అప్పుడు రెండో తరగతి పిల్ల రేణుక వచ్చి కూర్చుంది. రెండు జడలు, మోచేతి మీద ఆరిన గాయం. మొదటి గొర్రెపిల్ల మీద వేలు పెట్టి "లాభం" అంది.

పిల్లలంతా గొల్లుమన్నారు. ఒకటి అనాలని సారు గదమాయించాడు. నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది. మాది చిట్యాల. మా ఇంట్లో జొన్నలు కొలిచేటప్పుడు మొదటి మానికను ఒకటి అనేవారు కాదు, లాభం అనేవారు. శుభమాటతో మొదలుపెట్టి, తర్వాత రెండు, మూడు అని సాగుతారు. ఆ పిల్ల లెక్క బడిలో నేర్చింది కాదు, ఇంట్లో గింజల దగ్గరా మంద దగ్గరా నేర్చింది.

రేణుక రెండు, మూడు అంటూ ఆరు దాకా వచ్చింది. ఏడో గొర్రెపిల్ల దగ్గర నోరు మూసుకుంది. కాసేపాగి "ఎనిమిది" అంది. తొమ్మిది, పది చెప్పి చేతులు ఒళ్లో పెట్టుకుంది.

"చూసిండ్రా మేడం, ఆరు దాంక వస్తది, ఏడు కాడ పండుకుంటది. ఎన్నిసార్లు చెప్పినా గంతే," అన్నాడు జంగయ్య సారు.

మధ్యాహ్నం అన్నం గంటలో ఆయన అసలు సంగతి చెప్పాడు. రేణుక నాయిన బీరయ్యకు మంద ఉంది. వేసవికి మందను సాగర్ కాలువ కిందికి, నందికొండ వైపు తోలుకుపోతాడు. తల్లి కూలిపనికి పోతుంది, ఇంట్లో అవ్వ ఉంటుంది. ఈసారి పిల్లను కూడా మంద వెంట తీసుకుపోతానని బీరయ్య అంటున్నాడట. ఒక పిల్ల ఉంటే గొర్రెపిల్లలను అదిలించడానికి ఆసరా. అయితే ఒక్క మాట సారునే అడిగాడు, దీనికి చదువు వస్తుందా రాదా అని. వస్తుందంటే బడిలోనే ఉంచుతాడు. రాదంటే వారంలో మంద వెంట పోతుంది.

"మీరేం చెప్పారు?" అని అడిగాను.

"ఇంక చెప్పలే. అబద్ధం ఎట్ల చెప్త మేడం?"

ఆ మాటలో బాధ ఉంది. కానీ నాకు ఆ పూట బాధ వినిపించలేదు, బల్ల మీదున్న బెత్తమే కనిపించింది. ఏడు దగ్గర ఈ పిల్ల ఎప్పుడో దెబ్బ తిని ఉంటుంది, అందుకే నోరు పడిపోతోందని లోపల గట్టిగా అనుకున్నాను. బెత్తం ఎందుకని అడిగాను. కుక్కలు వస్తాయని చెబుతూ ఆయన దాన్ని తీసి తలుపు వెనక పెట్టాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుందని నా అనుమానం ఇంకో జానెడు పెరిగింది.

నన్ను నిలబెట్టింది మాత్రం రేణుక వేలు. ఏడు తెలియని పిల్ల ఆరు తర్వాత ఎనిమిది అంటే, ఆ ఎనిమిది ఏడో గొర్రెపిల్ల మీద పడాలి. ఈ పిల్ల వేలు ఏడోదాని మీద ఆగింది, ఏమీ అనకుండానే దాన్ని దాటి ఎనిమిదో దాని మీదికి వెళ్లాకే ఎనిమిది అంది. అంటే ఏడును లెక్కలో వేసుకుంది, నోట్లోంచి బయటికి రానివ్వలేదు. రాని లెక్క వేరు, రానివ్వని లెక్క వేరు.

మా పనిలో ఇలాంటప్పుడు చేసేది ఒక్కటే. ఒక్కసారికి ఒక్కదాన్నే మార్చి చూడాలి. పిల్లలు ఆటకు పోయాక రేణుకను పిలిచి, తెల్ల కాగితం మీద నాకొచ్చిన వంకర గీతలతో జామకాయలు వేశాను. కాయలు గొర్రెపిల్లలు ఉన్నన్నే, వరుస కూడా అదే. లాభంతో మొదలుపెట్టి గడగడా చెప్పింది, ఏడు కూడా చెప్పింది. పైగా ఒక జామకాయ వంకాయలా ఉందని నవ్వింది. మళ్లీ డమ్మీ తెరిచాను. ఆరు చెప్పాక నోరు మూతపడింది. పిల్లకు ఏడంటే భయం లేదు, గొర్రెపిల్లల ముందు ఏడు అనడానికే భయం. సారు కొట్టాడా అని మెల్లగా అడిగాను. లేదని తల ఊపింది. ఇంకేమైనా అడిగితే ఏడ్చేలా ఉంది, ఆపేశాను.

బడి వదిలాక రేణుక వెంట వాళ్లింటికి వెళ్లి చూడాలనుకున్నాను. సారును రావద్దన్నాను. ఆయన ముందు పిల్ల మాట్లాడదేమోనని నా లెక్క. సరేనన్నాడు గానీ, సందు మలుపు తిరిగి చూస్తే సైకిల్ నడిపించుకుంటూ వెనకే వస్తున్నాడు. ఇతను దాచేదేదో ఉందని మళ్లీ అనుకున్నాను.

రేణుక అవ్వ మల్లవ్వ వాకిట్లో కూర్చుని కందిపప్పు చెరుగుతోంది. నా చేతి సంచీని, మెడలోని ఐడీ కార్డును, చేతిలో పెన్నును వరసగా చూసింది. నేను నోరు తెరవకముందే "మాకు గొర్లు లెవ్వు బిడ్డా" అంది. అదే క్షణంలో ఇంటి వెనక నుంచి ఒక గొర్రెపిల్ల మే అని అరిచింది. ఇద్దరం విన్నాం. ఇద్దరం విననట్టే ఉన్నాం.

తర్వాత తెలిసింది. సర్కారు గొర్లు పంచుతుందని అప్పట్లో ఊళ్లలో మాట పుట్టింది. ఎవరింట్లో ఎన్ని ఉన్నాయో రాసుకుపోవడానికి మనుషులొస్తారని, ఉన్నవాళ్లకు రావని పుకారు. పెన్ను కనబడితే చాలు, గొర్లు లేవనేవారు. నేను పుస్తకాల మనిషినని చెప్పి డమ్మీ చేతికిచ్చాను. మల్లవ్వ దాన్ని దూరంగా పట్టుకుని చూసింది. బొమ్మల్లో గొర్రెపిల్లలు కనబడేసరికి అనుమానం ఇంకా ముదిరింది.

"గివి ఎవలి మందల పిల్లలు? ఎవల్నడిగి దించుకపోయిండ్రు?"

అవి ఫోటోలు కావని, పట్నంలో కూర్చుని ఒకమ్మాయి వేసిన బొమ్మలని చెప్పాను. ఆమె పేజీ మీద గోటితో గీకి చూసింది. తోక ఇంత పొడుగుండదని ఒక తప్పు పట్టింది. అది నిజమైన తప్పే, తర్వాత దిద్దించాను. అంతలో మంద ఇల్లు చేరింది. ముందు దుమ్ము, వెనక గొర్లు, ఆ వెనక గొంగడి భుజాన వేసుకుని బీరయ్య. వాకిట్లో నన్ను, గోడ పక్కన సైకిల్‌తో సారును చూసి ఆగిపోయాడు. సారు తన మాట చెప్పడానికి మనిషిని తోడు తెచ్చుకున్నాడనుకున్నాడు.

"సదువు రాదని చెప్పనీకె గింతమంది వచ్చిండ్రా?" అన్నాడు. కోపంగా కాదు, అలసిపోయి.

కాదన్నాను. మీ పిల్ల పది దాకా తప్పులేకుండా లెక్కపెడుతుందని, గొర్రెపిల్లల బొమ్మ చూస్తే మాత్రం ఒక్క ఏడు అనదని, ఎందుకో అర్థంకాక వచ్చానని చెప్పాను. బీరయ్య అర్థం కానట్టు చూశాడు. మల్లవ్వ చేట కింద పెట్టింది.

"ఎట్లంటది? మంద కాడ గా మాట అనొద్దు," అంది. "కొలిచేటప్పుడైనా, పిల్లల్ని దొడ్లకు తోలేటప్పుడైనా ఆరున్నొక్కటి అంటం. గా మాటంటె ఏడుపును ఇంట్లకు పిలిచినట్టు."

అంత తేలికైన సంగతి. ఏడు అంటే ఏడుపు గుర్తొస్తుందని ఆ మాటను పక్కన పెట్టి ఆరున్నొక్కటి అంటారు. లాభంతో మొదలుపెట్టే లెక్కలో ఏడుపును రానివ్వరు మరి. మా ఇంట్లో ముందుది ఉంది, రెండోది లేదు, అందుకే నాకు తట్టలేదు. ముడి విడిపోయిందనుకుని సారు వైపు తిరిగాను. కానీ నా పాడు బుద్ధి అక్కడ కూడా ఊరుకోలేదు. ఆచారమే అయితే ఈ పిల్ల బొమ్మ దగ్గర కూడా ఆరున్నొక్కటి అనాలి కదా. నోరెందుకు కుట్టేసుకుంటుంది?

రేణుక పక్కన నేల మీద కూర్చుని ఆ మాటే అడిగాను. అది అవ్వ వైపు చూసింది, దొడ్డి వైపు చూసింది. చివరికి నేల చూస్తూ చెప్పింది.

"వానకాలంల నేనన్న. దొడ్డి కాడ ఏడు అన్న. తెల్లారి పిల్లలు సచ్చిపోయినయ్."

మల్లవ్వ ముఖం చూస్తే ఆమెకు అంతా గుర్తొచ్చిందని తెలిసింది. తొలకరి వానలకు మొలిచిన లేతగడ్డి మేసి, రాత్రికి రాత్రే గొర్రెపిల్లలు పడిపోయే జబ్బు ఒకటుంది, చిటుక రోగం అంటారు. అంతకు ముందటి వానాకాలం ఆ ఇంటిని ఆ జబ్బు తాకింది. పొద్దున్నే చచ్చి పడున్న పిల్లల మధ్య నిలబడి ఆ అవ్వ దుఃఖంలో మనవరాలిని ఒక మాట అంది, నీ నోట్లెనే పడ్డది గా మాట, నీ నోట్ల మన్నుపడ, అని. అవ్వ ఆ పూటే మరిచిపోయింది. పిల్ల మరిచిపోలేదు. బడిలో కొత్తగా నేర్చుకున్న అంకెను ఇంట్లో గొప్పగా చెప్పి, తన చేతులతో పాలు తాగించిన గొర్రెపిల్లలను తానే చంపుకున్నానని నమ్మి, ఇన్ని నెలలు ఎవరికీ చెప్పకుండా మోసింది. ఆరున్నొక్కటి అన్నా తన నోట అదే పలుకుతుందేమోనని దానికి భయం. నాకు ఏడుపొచ్చింది. ఆ వాకిట్లో ఏడవకూడదని మింగేశాను.

బీరయ్య గొంగడి దించి బిడ్డ ముందు కూర్చున్నాడు. "నువ్వెట్ల సంపుతవు బిడ్డా? సూదులేపియ్యాలె అని పశువుల దవాఖాన డాక్టరు ముందే చెప్పిండు. నేనే రేపు మాపు అనుకుంట ఎడ్డోన్నయిన. ఈసారి ఏపిచ్చిన, ఏం కాదు," అన్నాడు. రేణుక విన్నది. నమ్మినట్టు మాత్రం కనబడలేదు. నాయిన తనను ఊరడించడానికి చెబుతున్నాడని అనుమానం. ఆ అనుమానం నాకు బాగా తెలుసు.

అప్పుడు మల్లవ్వ లేచింది. కొంగు నడుముకు దోపుకుని, రేణుక చెయ్యి పట్టుకుని ఇంటి వెనక్కి నడిచింది. మేమూ వెళ్లాం. తల్లుల దగ్గర పాలు తాగిన పిల్లలను వేరే దొడ్డిలోకి వదిలే వేళ అది. ఆమె తడిక తెరిచి ఒక్కో పిల్ల వీపు మీద చెయ్యి వేసి లోపలికి తోలుతూ లెక్కపెట్టింది. లాభం. రెండు. మూడు. నాలుగు. ఐదు. ఆరు. తర్వాతి పిల్లను తోలకుండా వీపు మీద చెయ్యి అలాగే ఉంచింది. ఎన్ని పదుల ఏళ్లుగా ఆ మాట ఆ దొడ్డి దగ్గర అనలేదో ఆమెకే తెలియాలి.

"ఏడు," అంది.

గొర్రెపిల్ల చెవులాడించి లోపలికి దూకింది. వెనకదాన్ని తోలి ఎనిమిది అంది. మొత్తం అయ్యాక తడిక కట్టి రేణుక వైపు తిరిగింది.

"ఇయ్యాల అన్నది నేను. ఏమన్నయితె నా మీద పడుతది, నీ మీద గాదు. నీ కోసం ఒక్కపారి అన్న, మల్ల అనను."

తిరుగు బస్సులో నాకు నిమ్మళం లేదు. ఆ ముసలావిడ చేసింది ఎంత పెద్ద పనో అర్థమవుతున్నకొద్దీ భయం పెరిగింది. గొర్రెపిల్ల చావడానికి సవా లక్ష కారణాలు. ఆ రాత్రి కుక్క పట్టినా, చలికి ముడుచుకున్నా, తల్లి కింద పడి నలిగినా, ఒక్కటి పోయినా చాలు, రేణుక జన్మలో ఏడు అనదు. అవ్వ మాట తన మీద వేసుకున్నా పిల్ల వేసుకోనివ్వదు. ఒక లెక్కల పుస్తకం పుణ్యాన ఇంత దూరం లాక్కొచ్చాను, అడుసు తొక్కనేల కాలు కడగనేల అని నన్ను నేను తిట్టుకున్నాను. నాకు శకునాల మీద నమ్మకం లేదు. అయినా పొద్దున్నే జంగయ్య సారుకు ఫోన్ చేశాను. ఏం అడగాలో తెలియక, డమ్మీ ఒకటి బడిలో మరిచానేమో చూడమన్నాను.

ఆయన నవ్వాడు. "డమ్మీ లేదు గిమ్మీ లేదు మేడం. నేను చీకట్లనే పోయి చూసొచ్చిన. అన్ని లేచినయ్, పాలు తాగుతున్నయ్. మల్లవ్వ నాకంటె ముందుగాల్నే వచ్చి తడిక పట్టుకొని నిలవడ్డది," అన్నాడు. నిన్న మా వెనక ఎందుకొచ్చారని అప్పుడు అడిగాను. బీరయ్య కోపంలో ఉంటే నన్ను ఏమైనా అంటాడేమోనని తోడు వచ్చాడట. బెత్తం నిజంగానే కుక్కలకు.

ఫోన్ పక్కనే రేణుక ఉంది. బడికి గంట ముందే వచ్చి కూర్చుందట. "మేడం, ఏడు ఉన్నది. నల్లమచ్చది. మంచిగ ఉన్నది," అంది. ఆ వారం మంద సాగర్ కాలువ కిందికి పోయింది. రేణుక పోలేదు.

మా ఆఫీసులో పెద్ద చర్చ జరిగింది. గొర్రెపిల్లలు తీసేసి జామకాయలు పెడదామన్నారు. జామకాయలతో ఎవరికీ పేచీ లేదు. నేను ఒప్పుకోలేదు. గొర్రెపిల్లలు ఉండాలి, ఏడో స్ప్రెడ్‌లో అంకె ఉండాలి, అంకె పక్కన మాట మాత్రం వేయొద్దన్నాను. మిగతా పేజీల్లో మాట ఉంటుంది, అక్కడ ఖాళీ. ఏ ఇంట్లో ఏమంటారో ఆ ఇల్లే అనుకుంటుంది. కొంత గొణిగి ఒప్పుకున్నారు.

ఈ పనిలో ఇన్నేళ్లకు నాకు తెలిసిందేమిటంటే, పుస్తకం పిల్ల చేతిలోకి వెళ్లేటప్పటికే ఆ పిల్ల దగ్గర ఒక లెక్క ఉంటుంది. ఇంట్లో కొలిచిన గింజలు, తోలిన గొర్లు, పోయినవి, మిగిలినవి అన్నీ అందులో ఉంటాయి. ఇప్పుడు ఏ పిల్లయినా ఏ అంకె దగ్గరైనా ఆగితే, దానికి రాదు అనే ముందు ఆ అంకెతో నీకేమైందని అడుగుతాను. చాలాసార్లు ఏమీ అయి ఉండదు, నిజంగానే రాదు. అయినా అడుగుతాను.

ఆ పుస్తకం ఇంకా బడుల్లో తిరుగుతోంది. ఏడో పేజీలో అచ్చుతప్పు పడిందని, ఒక మాట ఎగిరిపోయిందని ఎవరో ఒక సారు ఫోన్ చేస్తూనే ఉంటారు. నేను దిద్దుతానని చెప్పను. అక్కడ ఏం రాయాలో మీ పిల్లల అవ్వలను అడిగి చూడండి సార్, అంటాను.